పాత డెస్క్‌టాప్ తనంతట తానే ఆరిపోతోంది: ఉన్న కొద్ది డబ్బును ముందుగా ఏ భాగంపై పెట్టాలి?

పాతపెట్టె

అందరికీ నమస్కారం. నా దగ్గర 2012లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ఇంటెల్ కోర్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, కేబినెట్‌తో పాటే వచ్చిన పేరులేని ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు పంచే పెట్టె) ఇందులో ఉన్నాయి. ఏడాది కాలంగా మూడు ఇబ్బందులు ఒకదాని వెంట ఒకటి మొదలయ్యాయి. ఆన్ చేసినప్పుడు చాలాసార్లు తేదీ, సమయం మొదటికి వెళ్ళిపోతున్నాయి. బ్రౌజరు తెరుచుకోవడానికే మూడు నాలుగు నిమిషాలు పడుతోంది. వీటికి తోడు ఈ మధ్య వీడియో చూస్తున్నప్పుడు ఇరవై నిమిషాలకో అరగంటకో యంత్రం ఉన్నట్టుండి ఆరిపోతోంది.

వేడి వల్లే ఇలా జరుగుతోందనుకొని గత వారం హీట్‌సింక్ విప్పి దుమ్ము దులిపాను, కొత్త థర్మల్ పేస్టు కూడా వేశాను. అయినా మార్పు లేదు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు), ర్యామ్, మెరుగైన ప్రాసెసర్, ఈ మూడూ ఒకేసారి కొనే స్థోమత నాకు లేదు. నెలకు ఒకటి చొప్పున కొనగలను. ఏది ముందు, ఏది వెనుక అన్నది అనుభవం ఉన్నవారు చెబితే అలాగే నడుచుకుంటాను.

చవకబేరం

ఎక్కువ ఆలోచించనక్కరలేదు, ముందు ఎస్‌ఎస్‌డీ పెట్టండి. హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం తల కిందికి రావడానికి సగటున అందులో సగం పడుతుంది, తల కదిలి సరైన వరుసకు చేరడానికి మరో 8 లేదా 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళను సెకనుకు ఎనభై కన్నా ఎక్కువ చోట్ల చదవలేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది. హెచ్61 బోర్డులో సాటా (డిస్కును బోర్డుకు కలిపే దారి) వేగం సెకనుకు 3 గిగాబిట్లే కదా, కొత్త ఎస్‌ఎస్‌డీ దండగ అని కొందరు అంటారు. ఆ పరిమితి పెద్ద ఫైళ్ళను ఏకబిగిన కాపీ చేసేటప్పుడే అడ్డు వస్తుంది. రోజువారీ వాడకంలో మీకు కనిపించేది ఆ వెతుకులాటలో తగ్గిన ఆలస్యమే.

నిదానమేప్రధానం

చవకబేరం గారు చెప్పిన లెక్క తప్పు కాదు, కానీ అది మందగించడమనే రెండో ఇబ్బందికి జవాబు. ఉన్నట్టుండి ఆరిపోతున్న యంత్రంలో కొత్త భాగం పెట్టడమంటే కారుతున్న కప్పు కింద కొత్త పరుపు వేయడమే. ఆరిపోవడానికి కారణం తేలేవరకు ఏమీ కొనవద్దని నా మనవి.

పాతపెట్టె గారూ, రెండు విషయాలు గమనించి చెప్పండి. మొదటిది, ఆరిపోయే ముందు యంత్రం మందగిస్తోందా? ఇంటెల్ ప్రాసెసర్లు వేడి హద్దుకు చేరినప్పుడు మొదట తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి ఆగకపోతేనే పూర్తిగా ఆరిపోతాయి. కాబట్టి వేడి వల్ల ఆరిపోయే యంత్రంలో ముందుగా వీడియో తడబడడం, మౌసు ఈడ్చినట్టు కదలడం వంటి సూచనలు సాధారణంగా కనిపిస్తాయి. ఏ సూచనా లేకుండా దీపం ఆర్పినట్టు పోతే అనుమానం కరెంటు సరఫరా వైపు మళ్ళాలి. రెండోది, ఆరిపోయిన తర్వాత వెంటనే మళ్ళీ ఆన్ అవుతోందా, కాసేపు చల్లబడేదాకా మొరాయిస్తోందా, లేక గోడ దగ్గర స్విచ్చి ఆపి వేస్తే తప్ప స్పందించడం లేదా? ఈ మూడో లక్షణం ఉంటే ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ వలయాన్ని బిగించుకొని కూర్చుంటోందని అనుకోవచ్చు.

వీలైతే లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, వీడియో ఆడిస్తూ ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. ఇలా చేస్తే మీ హార్డ్ డిస్కు, అందులోని పాత విండోస్ పరీక్షలోకి రావు. ఒక్కో అనుమానితుణ్ణి పక్కకు తప్పించుకుంటూ పోవడమే ఈ పనిలో అసలు నేర్పు.

పాతపెట్టె

రెండు రోజులు పరీక్షించి రాస్తున్నాను. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపినా ఆరిపోయింది, కాబట్టి విండోస్ తప్పు కాదని తేలింది. ఉష్ణోగ్రత 71 డిగ్రీలు దాటలేదు. ఆరిపోయే ముందు మందగించడం అసలు లేదు, సంభాషణ మధ్యలో మాట తెగినట్టు ఆగిపోతోంది. నాలుగు సార్లలో మూడు సార్లు వెంటనే ఆన్ అయింది, ఒకసారి మాత్రం గోడ స్విచ్చి ఆపి వేయాల్సి వచ్చింది. మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు కనబడలేదు. బయోస్‌లో (ఆన్ చేయగానే నడిచే బోర్డు సొంత ప్రోగ్రాములో) 12 వోల్టుల దగ్గర 11.9 అని చూపిస్తోంది.

టంకం

బయోస్‌లో కనిపించే అంకెను పెద్దగా నమ్మకండి. బోర్డు మీది చిప్పు కొలిచే ఆ విలువ చాలాసార్లు అసలు విలువకు దూరంగా ఉంటుంది. పైగా బయోస్ తెర ముందు కూర్చున్నప్పుడు యంత్రం మీద వీడియో ఆడేటప్పుడు ఉండే భారం ఉండదు. మల్టీమీటరు ఒకటి అరువు తెచ్చుకోండి. హార్డ్ డిస్కులకు వాడే పాత నాలుగు పిన్నుల కనెక్టరు ఒకటి ఖాళీగా వేలాడుతూ ఉంటుంది కదా, దానిలో పసుపు తీగకు, నల్ల తీగకు మధ్య 12 వోల్టులు, ఎరుపు తీగకు, నల్ల తీగకు మధ్య 5 వోల్టులు రావాలి. ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లు, కేబినెట్లు పాటించే ఉమ్మడి కొలతలు) ప్రమాణం ప్రకారం అయిదు శాతం వరకు తేడా చెల్లుతుంది, అంటే 12 వోల్టుల గీత 11.4 నుంచి 12.6 లోపల, 5 వోల్టుల గీత 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. ముందు ఖాళీగా ఉన్నప్పుడు, తర్వాత వీడియో ఆడుతూ ప్రాసెసర్ నాలుగు థ్రెడ్లూ (ఒకేసారి నడిపే పని వరుసలు) పూర్తిగా పనిచేస్తున్నప్పుడు కొలిచి రెండు అంకెలూ రాయండి. మీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

కొందరు మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను నల్ల తీగకు పిన్నుతో కలిపి, ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే అంటారు. ఆ పరీక్షలో తేలేది ఫ్యాను తిరుగుతోందన్న సంగతి మాత్రమే. బరువు ఎత్తకుండా నిలబడిన మనిషిని చూసి మూట మోయగలడని చెప్పలేం కదా.

ఇంకొక పని చేయండి. ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న లేబుల్‌ను చదవండి. పెద్ద అక్షరాలలో రాసిన వాట్లను వదిలేసి 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు అని ఉందో చూసి, ఆ సంఖ్యను 12తో గుణించండి. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ప్రధానంగా లాక్కునేది ఆ గీత నుంచే కనుక, మీ ఎస్‌ఎంపీఎస్ అసలు సత్తా ఆ లబ్ధమే.

పాతపెట్టె

కొలిచాను. ఖాళీగా ఉన్నప్పుడు 11.8, భారం పెట్టినప్పుడు 11.2 నుంచి 11.3 మధ్య ఊగుతోంది. 5 వోల్టుల గీత 4.9 దగ్గర నిలకడగానే ఉంది. లేబుల్ మీద 450 వాట్లు అని కనబడేలా రాసి ఉంది, కానీ 12 వోల్టుల కింద 14 ఆంపియర్లే ఉన్నాయి. గుణిస్తే 168 వాట్లు వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉందని నలుగురికీ చెప్పుకుంటూ వచ్చాను.

దోషం దొరికింది కనుక ఒక ప్రశ్న అడుగుతాను. దాని లోపల ఉబ్బిన కెపాసిటర్లు ఉంటే వాటిని మార్చి బాగుచేసుకోవచ్చా? సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర ఉంది, చిన్నచిన్న రేడియో పనులు చేసిన అలవాటూ ఉంది.

టంకం

వద్దు. నేను ఆ పని చేస్తాను కాబట్టే వద్దంటున్నాను. ఎస్‌ఎంపీఎస్‌లో గోడ కరెంటును అందుకునే వైపు ఉన్న పెద్ద కెపాసిటరులో మూడు వందల వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. దాన్ని ఖాళీ చేయవలసిన నిరోధకం తెగిపోయి ఉంటే తీగ పీకిన తర్వాత కూడా చాలాసేపు అందులో ప్రాణం తీయగల శక్తి మిగిలి ఉంటుంది. రేడియో పని వేరు, ఇది వేరు.

ప్రమాదాన్ని పక్కన పెట్టినా ఇది గిట్టుబాటు అయ్యే పని కాదు. 168 వాట్ల సత్తా ఉన్న పేరులేని పెట్టెకు మంచి కెపాసిటర్లు వేస్తే అది మంచి కెపాసిటర్లున్న 168 వాట్ల పేరులేని పెట్టె అవుతుంది. దానిలో రక్షణ వలయాలు సరిగా ఉన్నాయో లేదో మనకు తెలియదు. మదర్‌బోర్డు కెపాసిటర్ల సంగతి అలా కాదు. 2000 దశకం మొదట్లో లోపమున్న ఎలక్ట్రోలైట్ వల్ల లెక్కలేనన్ని బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి, వాటిని మార్చి ఏళ్ళ తరబడి నడిపించినవారు ఉన్నారు. అక్కడ ఉండేది 12 వోల్టులకు మించని వ్యవహారం.

చవకబేరం

నా మొదటి సలహా తొందరపాటని ఒప్పుకుంటాను. అయితే ఇప్పుడు మరో లెక్క వేయవలసి ఉంది. కొత్త ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, పాత ఐ5, ఈ నాలుగూ కలిపితే దాదాపు అంతే ఖర్చుకు కార్యాలయాలు వదిలించుకునే ఎనిమిదో తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ఒకటి దొరికే అవకాశం ఉంది. దానిలో డీడీఆర్4 ర్యామ్ ఉంటుంది, ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీకి చోటు ఉంటుంది, విండోస్ 11 ఏ తంటా లేకుండా ఎక్కుతుంది. పాత యంత్రం మీద మమకారంతో నెలకొక భాగం కొంటూ పోతే నాలుగో నెలలో వెనక్కి చూసుకొని బాధపడవలసి వస్తుంది. ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నిదానమేప్రధానం

ఈ వాదనను తీసిపారేయలేం. నా దృష్టిలో దీన్ని తేల్చే మార్గం ఒకటే. కొనబోయే ప్రతి భాగాన్నీ ముందుంచుకొని, రేపు ఈ మదర్‌బోర్డు చచ్చిపోతే ఇది నా తరువాతి యంత్రానికి వెంట వస్తుందా అని అడగాలి. మంచి ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ వస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ వస్తుంది. డీడీఆర్3 ర్యామ్ రాదు, డీడీఆర్4 స్లాటులో దాని గాటే కుదరదు. ఎల్‌జీఏ 1155 (మీ బోర్డు మీది గూడు రకం) ప్రాసెసర్ కూడా రాదు. కాబట్టి మొదటి రెండింటినీ కొత్తవి, మంచివి కొనవచ్చు. చివరి రెండూ ఎవరి దగ్గరో మూలపడి చవకగా దొరికితేనే తీసుకోవాలి, లేకపోతే లేదు. ఇలా చేస్తే చవకబేరం గారు చెప్పిన నాలుగో నెల పశ్చాత్తాపం ఎదురైనా అప్పటికి పోయేది కొద్దిగానే ఉంటుంది.

కార్యాలయాల నుంచి వచ్చే యంత్రాలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డెల్, హెచ్‌పీ, లెనోవో సంస్థల వ్యాపార నమూనాలలో చాలావాటికి 24 పిన్నుల మామూలు కనెక్టరు ఉండదు. వాటి సొంత 6, 8 లేదా 14 పిన్నుల అమరిక ఉంటుంది. సన్నటి కేబినెట్ అయితే ఎస్‌ఎంపీఎస్ ఆకారం కూడా వేరు, గ్రాఫిక్స్ కార్డు పొట్టిది తప్ప పట్టదు. ఎస్‌ఎంపీఎస్ వెంట వస్తుందన్న నా మాట అటువంటి యంత్రాల విషయంలో చెల్లదు, లేదా కనెక్టరు మార్చే తీగ కొనవలసి వస్తుంది. పాతపెట్టె గారి కేబినెట్ మామూలు ఏటీఎక్స్ కావడం ఒక రకంగా అదృష్టమే.

డిస్కువైద్యం

ఆలస్యంగా చూశాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఆ 500 జీబీ డిస్కు ఆరోగ్యం ఎలా ఉంది? ఇన్ని నెలలుగా రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి కరెంటు పోతున్న డిస్కు అది. దాని స్మార్ట్ నివేదికలో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలో) నాలుగు వరుసల ముడి విలువలు చూడండి. 05 అంటే పాడై, వేరే చోటికి మార్చిన సెక్టర్లు (డిస్కు మీది చిన్న గడులు). సీ5 అంటే చదవలేక తీర్పు కోసం ఆగి ఉన్న సెక్టర్లు. సీ6 అంటే డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు సరిదిద్దలేకపోయినవి. సీ7 మాత్రం తరచుగా డిస్కు దోషం కాదు, సాటా తీగ వదులైనా అది పెరుగుతుంది. సీ5 సున్నా కాకపోతే ఆ డిస్కు మీద దయచేసి చెక్ డిస్క్ నడపకండి, డీఫ్రాగ్ అసలే చేయకండి.

కాపీ చేసే వరుస ఇది. ఎస్‌ఎంపీఎస్ మార్చేదాకా ఆ డిస్కును విప్పి పక్కన ఉంచండి. కొత్తది బిగించాక లైవ్ లినక్స్ నుంచి గ్నూ డీడీరెస్క్యూ వాడండి. అది మొదట సులువుగా చదవగలిగిన భాగమంతా తీసుకొని, మొండికేసిన చోట్లను దాటవేసి, చివరలో వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. మామూలుగా ఫైళ్ళు లాగి కాపీ చేస్తే పాడైన ఒక్క సెక్టరు దగ్గరే గంటల తరబడి పీకులాడి డిస్కును మరింత అరగదీస్తుంది. మీరు కొనబోయే ఎస్‌ఎస్‌డీ 240 జీబీది అయితే 500 జీబీ డిస్కు ప్రతిబింబం అందులో పట్టదు. అంతకన్నా పెద్ద మరో డిస్కు అరువు తెచ్చుకొని దాని మీదికి తీసి, కావలసిన ఫైళ్ళను అక్కడి నుంచి ఏరుకోండి. ఎస్‌ఎస్‌డీలో ఆపరేటింగ్ సిస్టం కొత్తగానే వేసుకోవడం మేలు.

పాతపెట్టె

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పేరున్న సంస్థ తయారుచేసిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ బిగించాను, భారం మీద కూడా 12 వోల్టుల గీత 12.0 దగ్గరే నిలబడుతోంది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆరిపోలేదు. డిస్కులో సీ5 విలువ 24 ఉంది. డిస్కువైద్యం గారు చెప్పినట్టే చేశాను, రాత్రంతా నడిచి తెల్లవారేసరికి కొన్ని కిలోబైట్లు తప్ప అంతా వచ్చింది. పోయినవి ఏ ఫైళ్ళలోవో ఇంకా తెలియలేదు, ఫోటోలన్నీ మాత్రం తెరుచుకుంటున్నాయి.

మూడో అడుగులో మాత్రం దెబ్బతిన్నాను. ఒక అమ్మకందారు దగ్గర 8 జీబీ డీడీఆర్3 స్టిక్కు మిగతావాటికన్నా బాగా చవకగా కనిపిస్తే కొన్నాను. పెట్టగానే తెర నల్లగా ఉండిపోయింది, బీప్ శబ్దం మాత్రం వస్తోంది. పాత స్టిక్కు ఒక్కటే ఉంచితే పనిచేస్తోంది. రెండు స్లాట్లనూ మార్చి చూశాను, కాంట్యాక్టులను రబ్బరుతో తుడిచి చూశాను, అయినా లాభం లేదు.

టంకం

ఆ స్టిక్కు లేబుల్ మీద గానీ అమ్మకపు ప్రకటనలో గానీ ఏఎండీకి మాత్రమే అన్న మాట ఎక్కడైనా చిన్న అక్షరాలలో ఉందేమో చూడండి. ఉంటుందనే నా అనుమానం. ఇటువంటి చవక స్టిక్కులలో ఒక్కో చిప్పు 4 బిట్ల వెడల్పుతో సమాచారం ఇచ్చే రకంగా ఉంటుంది. మీ ఐ3లో ఉన్న ఇంటెల్ మెమరీ కంట్రోలరు 8 లేదా 16 బిట్ల వెడల్పు చిప్పులనే గుర్తిస్తుంది. కొన్ని ఏఎండీ బోర్డులు మొదటి రకాన్ని కూడా అంగీకరిస్తాయి. స్టిక్కు చెడిపోలేదు, మీ బోర్డుతో దానికి పొత్తు కుదరదు, అంతే. వెనక్కి ఇచ్చే వీలుంటే ఇచ్చేయండి.

మళ్ళీ కొనేటప్పుడు ఇంటెల్ బోర్డులో నడిచినట్టు అమ్మేవారు చెప్పగలిగిన స్టిక్కు తీసుకోండి. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అని ఉన్నా భయపడనక్కరలేదు, అది 1.5 వోల్టుల దగ్గర కూడా పనిచేసేలానే తయారవుతుంది. 1600 వేగం గల స్టిక్కు పెట్టినా మీ ఐ3-2120 దాన్ని 1333 వద్దే నడుపుతుంది, కాబట్టి వేగం కోసం అదనంగా ఏమీ చెల్లించకండి. హెచ్61లో రెండు స్లాట్లే ఉంటాయి, గరిష్ఠం 16 జీబీ. మీ అవసరానికి 4 జీబీ స్టిక్కు మరొకటి చేర్చి 8 జీబీ చేసుకుంటే చాలు. రెండు స్టిక్కులు ఉంటే రెండు చానళ్ళూ కలిసి పనిచేస్తాయి, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు దాని వల్ల ప్రత్యేకంగా మేలు జరుగుతుంది. పెట్టిన తర్వాత మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ను పరీక్షించే సాధనం) కనీసం ఒక పూర్తి ఆవృత్తి నడిచేదాకా ఆ యంత్రంలో ముఖ్యమైన పని ఏదీ మొదలుపెట్టకండి.

లినక్స్‌బాట

ఆపరేటింగ్ సిస్టం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను మొదలుపెడతాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అడిగేది టీపీఎం 2.0తో (ఒక భద్రతా చిప్పు) పాటు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్. రెండో తరం ఐ3 ఆ గీతకు చాలా వెనుక ఉంది. తనిఖీని తప్పించి ఎక్కించే పద్ధతులు చలామణిలో ఉన్న మాట నిజమే, కానీ అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. బ్యాంకు పనులు చేసుకునే యంత్రాన్ని అలాంటి పునాది మీద నిలబెట్టడం నాకు నచ్చదు.

లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపాన్ని నేను సూచిస్తాను. మింట్ కనీసం 2 జీబీ ర్యామ్ అడుగుతుంది, 4 జీబీ ఉంటే సౌకర్యంగా ఉంటుందని దాని తయారీదారులే చెబుతారు. మీకు ఎనిమిది ఉండబోతోంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి ప్రింటరు, వైఫై డాంగిల్, శబ్దం పనిచేస్తున్నాయో లేదో చూసుకొని తర్వాతే ఎక్కించండి. తెలుగు టైపింగ్ కోసం ఐబస్ అనే సాధనంలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దొరుకుతుంది, అక్షరాలను పలికినట్టు కొట్టి రాయడానికి అలవాటు పడినవారికి ఆ వీలు కూడా ఉంది. ఏదైనా ఒక సాఫ్ట్‌వేరు విండోస్‌లో తప్ప నడవదు అంటే మాత్రం దాని పేరు ఎక్కించకముందే ఇక్కడ చెప్పండి. ఎక్కించిన తర్వాత తెలిస్తే లినక్స్‌కు చెడ్డపేరు వస్తుంది.

జీ31వాడుకరి

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. నాది ఇంకా పాతది, కోర్ 2 డ్యువో ఈ7500, జీ31 బోర్డు, 2 జీబీ డీడీఆర్2. దీనికి కూడా ఇదే వరుస వర్తిస్తుందా?

నిదానమేప్రధానం

పూర్తిగా వర్తించదు. జీ31 బోర్డు 4 జీబీకి మించి ర్యామ్ తీసుకోదు. ఈనాటి బ్రౌజరులో పది ట్యాబులు తెరిస్తే అది సరిపోదు, తర్వాత పెంచుకునే దారీ లేదు. విండోస్ 11 కొత్త రూపాలు 24హెచ్2 నుంచి పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాలను తప్పనిసరి చేశాయి. మీ ప్రాసెసర్‌లో అవి లేవు కనుక ఏ తంటా పడినా అది బూట్ కాదు. ప్రాసెసర్ 64 బిట్ల రకమే కాబట్టి తేలికపాటి లినక్స్ ఎక్కుతుంది. ఎవరి దగ్గరైనా వాడకుండా పడి ఉన్న ఎస్‌ఎస్‌డీ, డీడీఆర్2 స్టిక్కు దొరికితే పెట్టి టైపింగుకు, పాటలు వినడానికి వాడుకోండి. డబ్బు మాత్రం పెట్టకండి. యంత్రం రోజుకు 8 గంటల పాటు 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే ఏడాదికి 175 యూనిట్లు అవుతుంది. పాత యంత్రాల లెక్కలో ఈ అంకెను కూడా చేర్చాలి, ఎవరూ చేర్చరు.

పాతపెట్టె

స్టిక్కు వెనక్కి తీసుకున్నారు. బదులుగా 4 జీబీది ఒకటి తెచ్చి పెట్టాను, మెమ్‌టెస్ట్ తప్పులు చూపలేదు. ఎస్‌ఎస్‌డీలో మింట్ ఎక్కించాను. మీట నొక్కిన అర నిమిషంలోపే తెర సిద్ధమవుతోంది. ఒక్క వీడియోలే ఇబ్బంది పెడుతున్నాయి. 1080పీలో చూస్తే ప్రాసెసర్ నూటికి తొంభై దాకా పోయి అక్కడక్కడ చట్రాలు (ఫ్రేములు) జారిపోతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు కొనాలా, ఐ5 కొనాలా?

లినక్స్‌బాట

ముందు ఏమీ కొనకుండా ఒక ప్రయత్నం చేయండి. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కుదింపు రూపాలలో వీడియో పంపుతుంది. మీ ఐ3లోని గ్రాఫిక్స్ ఆ రెండింటినీ సొంతంగా విప్పలేదు, కాబట్టి ఆ మోత అంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్264 రూపాన్ని మాత్రం అది విప్పగలదు. హెచ్264నే పంపమని అడిగే చిన్న బ్రౌజరు పొడిగింపు ఉంది, దాన్ని వేసుకొని బ్రౌజరు అమరికలలో హార్డ్‌వేరు డీకోడింగ్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఆ రూపంలో యూట్యూబ్ 1080పీ వరకే ఇస్తుంది, మీకు కావలసిందీ అంతే.

కార్డే కొనాలనిపిస్తే జీటీ 710 వైపు చూడకండి. అది చవకే, కానీ వీపీ9 విప్పలేదు. జీటీ 1030 విప్పుతుంది, 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది, విడిగా కరెంటు తీగ అడగదు. దానిలోనూ జీడీడీఆర్5, డీడీఆర్4 అని రెండు రకాలు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. ఆటలలో రెండోది మొదటిదాని దరిదాపుల్లోకి కూడా రాదు.

టంకం

ఐ5 గురించి ఒక్క మాట. ఐ5-3470 మూడో తరానిది. హెచ్61 బోర్డు తొలి బయోస్‌లకు ఆ తరం ఊసే తెలియదు. బోర్డు తయారీదారు పేజీలో మీ నమూనాకు మద్దతున్న ప్రాసెసర్ల జాబితా చూసి, అది ఏ బయోస్ నుంచి మొదలవుతుందో గమనించి, పాత ఐ3 ఉండగానే బయోస్ మార్చుకోవాలి. ముందు ప్రాసెసర్ మార్చి తర్వాత బయోస్ చూద్దామనుకున్నవారు నల్లటి తెర ముందు కూర్చున్నారు. పాత ఎస్‌ఎంపీఎస్‌తో ఈ పని చేసి, మధ్యలో అది ఆరిపోయి ఉంటే బోర్డు ఎందుకూ పనికిరాకుండా పోయేది. ఈ గొడవ వద్దనుకుంటే ఐ5-2400 మీ ఐ3 తరానిదే కనుక ఉన్న బయోస్‌తోనే నడిచే అవకాశం ఎక్కువ. నాలుగు కోర్లు ఉంటాయి, అయితే దాని హద్దు 95 వాట్లు, మీ ఐ3ది 65. ఐ3తో వచ్చిన సన్నటి హీట్‌సింక్ దానికి చాలదు.

పాతపెట్టె

పొడిగింపు వేసుకున్నాక ప్రాసెసర్ వాడకం ముప్పై దగ్గర ఆగింది. కార్డూ కొనడం లేదు, ఐ5 కూడా కొనడం లేదు. మిగిలిన డబ్బు పక్కన పెట్టాను. చవకబేరం గారు చెప్పిన ఎనిమిదో తరం యంత్రం ఎప్పుడైనా మంచిది ఎదురైతే ఈ ఎస్‌ఎస్‌డీ అందులోకి వెళుతుంది, కనెక్టరు కుదిరితే ఎస్‌ఎంపీఎస్ కూడా వెళుతుంది. పాత డిస్కు మీద సీ5 = 24 అని రాసి అటక మీద పెట్టాను, పాత ఎస్‌ఎంపీఎస్ తీగలను ఎవరూ పొరపాటున వాడకుండా కత్తిరించాను.

ఇంత చర్చలో నేను చెప్పిన మొదటి ఇబ్బందిని అందరూ మరిచిపోయారు, నిజానికి నేను కూడా మరిచిపోయాను. తేదీ మొదటికి వెళ్ళడం ఇన్ని మార్పుల తర్వాత కూడా ఆగలేదు. మల్టీమీటరు తిరిగి ఇచ్చేసే ముందు బోర్డు మీది సీఆర్2032 బిళ్ళను (గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీని) కొలిస్తే 2.3 వోల్టులే ఉంది. కొత్త బిళ్ళ 3.2 చూపింది, కానీ అది పెట్టినా మర్నాటికి తేదీ పోయింది. చివరికి చూస్తే బిళ్ళ గూటిలోని స్ప్రింగు రేకు అణిగిపోయి దాన్ని తాకడమే లేదు. గోడ స్విచ్చి ఆపకుండా, కరెంటు తీగ పీకకుండా ఉన్న రోజులలో తేదీ ఎందుకు నిలిచేదో అప్పుడు అర్థమైంది. తీగ పీకి, ప్లాస్టిక్ పుల్లతో ఆ రేకును కాస్త పైకి లేపాను. పది రోజులైంది, గడియారం సరిగానే నడుస్తోంది.